రిజిస్టర్లో ఎనిమిది గంటలే

పని చేస్తాను మొర్రో అని కుర్రాడంటుంటే, వద్దు బాబూ ఇంటికి పో అనే యజమాని ఉంటాడని నేనీ వయసులో, అదీ సప్తసముద్రాల అవతల, తెలుసుకోవాల్సి వచ్చింది. మా రోజుల్లో అయితేనా... ఇదిగో, అప్పుడే ఫోను తీయకు. నీకూ రేపోమాపో ఏదో షోరూములో మెడలో పేరు బిళ్ల తగిలించుకుని నిలబడే యోగం రాసిపెట్టే ఉంటుంది. వింటే పోయేదేం లేదు.

మా అమ్మాయి డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. సాయంత్రం నడకకి బయల్దేరితే మా రాజమండ్రి పుష్కరాల రేవులో కన్నా ఎక్కువ తెలుగు వినపడే ఊరు. మా మనవడు అక్కడ కాలేజీలో చదువుతూ ఓ పెద్ద కొట్లో గంటల లెక్కన పని చేస్తాడు. కొట్టంటే మన కొట్టు కాదులే. కొత్తిమీర నుంచి కారు టైర్ల దాకా అన్నీ ఒకే కప్పు కింద. లోపలికి వెళ్లినవాడు బయటికి దారి వెతుక్కోవాలి. పోయిన వేసవి సెలవుల్లో వాడు రోజంతా పనికి వెళ్లేవాడు. ఓ శుక్రవారం చూద్దును గదా, మధ్యాహ్నం మూడింటికే గుమ్మంలో ఉన్నాడు.

"ఏరా, ఉద్యోగం ఊడిందా?"

"లేదు తాతయ్యా. నలభై అయిపోవస్తున్నాయని పంపేశారు."

నలభై ఏమిట్రా, నీకింకా ఇరవయ్యే నిండలేదు కదా అన్నాను. గంటలట.

ఆనక కూర్చోబెట్టి చెప్పాడు. 1938లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ హయాంలో అక్కడో చట్టం వచ్చింది. మొదట వారానికి 44 గంటలన్నారు, 1940కల్లా 40కి దించారు. ఆపైన చేయించుకుంటే గంటకి ఒకటిన్నర రెట్లు కట్టాలి. చేసినవాళ్ల ఉద్దేశం మంచిదే. మనిషి ఒళ్లు హూనం చేయకండి, చేస్తే డబ్బు కక్కండి అని. యజమాని మాత్రం దాన్ని ఇంకోలా చదువుకున్నాడు. నలభయ్యో గంట నిండేలోగా మనిషిని గుమ్మం దాటించేయ్, అంతే. బిల్లు కౌంటరు ముందు జనం బారులు తీరి ఉన్నా సరే, మేనేజరు వచ్చి 'నువ్వింకా ఇక్కడే ఉన్నావేం' అంటాడట. కాలేజీ ఫీజుకి నాలుగు డాలర్లు ఎక్కువ వస్తాయని వీడు ఉంటానంటాడు, ఉంటే తన మీదికొస్తుందని ఆయన పొమ్మంటాడు. పనిలోకి రమ్మని తిట్టే యజమానుల్ని చూశాను గానీ, పనిలోంచి పొమ్మని తిట్టేవాణ్ణి చూడలేదు.

నేను రాజమండ్రి మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు గుమాస్తాని. ఇప్పుడైతే సేల్స్ ఎగ్జిక్యూటివ్ అంటారు, జీతం మాత్రం గుమాస్తాదే ఇస్తారు. పొద్దున తాళం తీసే వేళకి అక్కడుండాలి. ఊడ్చి, నీళ్లు చల్లి, పరుపుల మీద తెల్ల దుప్పట్లు దులిపి పరిచి, లక్ష్మీదేవి పటానికి అగరొత్తి వెలిగించేసరికి షావుకారు గారు వచ్చి గల్లాపెట్టెకి దండం పెట్టుకునేవారు. అక్కణ్ణుంచి బోణీ ఎలా ఉంటే రోజు అలా. వెళ్లేదెప్పుడంటే వెళ్లమన్నప్పుడు. అదే మా షెడ్యూలు. అందులో అర్థం కానిదేముంది?

రాత్రి ఆఖరి బేరం లేచిపోయాక మొదలయ్యేది అసలు పని. పొద్దుట్నుంచి విప్పి చూపించిన చీరలన్నీ పరుపుల మీద గుట్టపడి ఉండేవి. మడత మీద మడత పడేలా, అంచుకి అంచు ఆనేలా పెట్టి, ఏ బీరువాలోది ఆ బీరువాలో సర్దాలి. తానులు బిగించి చుట్టాలి. గుమాస్తా పనితనం అమ్మకంలో కాదు, మడతలో తెలుస్తుంది. దానికి వేరే కూలేమిటి, కొట్టు మనదనుకున్నాం. మా మనవడేమో 'క్లాక్ అవుట్' కొట్టేశాక కిందపడ్డ చొక్కాని కూడా తీసి పెట్టకూడదట! లెక్కలోకి రాని పని చేయించుకుంటే కేసవుతుందని మేనేజరే 'ముట్టుకోకు' అంటాడట. కిందపడ్డ బట్టని ముట్టుకోవద్దనే కొట్టు! మా షావుకారు గారు వింటే ఆ పూటే గుండె పట్టుకునేవారు.

కోనసీమ నుంచి పెళ్లిబట్టలకి ఓ కుటుంబం దిగిందనుకో, తక్కువలో తక్కువ డజను మంది. అందులో పెళ్లికూతురి మేనత్త ఒకావిడ ఉండి తీరుతుంది. ఏ చీర విప్పినా 'ఇదే రంగులో ఇంకాస్త పండినది లేదుటయ్యా' అంటుంది. గజాల్లో అడుగుతుంది, మీటర్లలో కొలిస్తే తగ్గించావంటుంది. వాళ్లకి కాఫీలు, సోడాలు, పిల్లలకి బిస్కట్లు, మధ్యాహ్నం దాటితే పక్క హోటలు నుంచి భోజనాలు. పెద్దవాళ్లు తిని అక్కడే గోడకి చేరబడి ఓ కునుకు తీసి, లేచి మళ్లీ మొదటి చీర నుంచి చూసేవాళ్లు. బేరం కుదిరి మూట కట్టేసరికి వీధి దీపాలు వెలిగేవి. మధ్యలో నేను గడియారం వైపు చూస్తే షావుకారు గారు నా వైపు చూసేవారు. ఆ చూపు చాలు. నువ్వే చెప్పు, ఆ మేనత్తని సగంలో వదిలేసి 'నాకు నలభై అయ్యాయమ్మా' అని లేచిపోతే ఆ పెళ్లి జరిగేదా?

అసలు మా వేళల్ని పాడు చేసింది గోదావరి మీద రోడ్డు వంతెన. 1974లో అది తెరిచేదాకా కొవ్వూరు వైపువాళ్లు లాంచీ ఎక్కో రైలెక్కో రావాలి, చీకటి పడకుండా లేవాలి. వంతెన పడ్డాక బస్సులొచ్చాయి. రాత్రి ఎనిమిదింటికి తీరిగ్గా వచ్చి జాకెట్టు ముక్కలు బేరమాడే జనం తయారయ్యారు. ఊరు ఊరంతా వంతెన చూసి మురిసిపోతుంటే గొణుక్కున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అప్పటికి నాకు పాతికేళ్లయినా లేవు. గొణగడానికి వయసుతో పనేముంది?

మరి చట్టం లేదా అంటావు. ఎందుకు లేదు, భేషుగ్గా ఉంది. 1966లో ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం వచ్చింది. దాన్ని తిరగరాసి 1988లో మళ్లీ తెచ్చారు. మా రోజుల్లో దాని లెక్క రోజుకి 8 గంటలు, వారానికి 48. అంతకు మించితే ఓవర్‌టైము, అది వారానికి 6 గంటలు దాటకూడదు, ఇచ్చేది రెట్టింపు. అమెరికావాడి ఒకటిన్నర కన్నా మనదే ఎక్కువ, గమనించు. వారానికో సెలవు, హాజరు రిజిస్టరు, అన్నీ ఉన్నాయి. ఆ రిజిస్టరు ప్రకారం నేను నా జన్మలో రోజుకి ఎనిమిది గంటలు దాటి పని చేయలేదు. మా వాళ్లెవరూ చేయలేదు. నెలాఖరున పద్దులు రాసే ఆయన కూర్చుని, ఒకే కలంతో, ఒకే ఊపులో, నెల మొత్తానికీ మేం వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాసేసేవాడు. ముత్యాల్లాంటి దస్తూరి. లేబర్ ఇన్‌స్పెక్టరు ఆ అక్షరాలు చూసి ముచ్చటపడి, కాఫీ తాగి, ఓ పంచెల చాపు చంకన పెట్టుకుని వెళ్లిపోయేవాడు. ఇప్పుడు వేలిముద్ర యంత్రాలట, మొహం చూసి గుర్తుపట్టే కెమెరాలట. దస్తూరి అనే విద్యే పోయింది.

కొట్టు కట్టేయాల్సిన వేళ దాటితే షట్టరు సగం దించేవాళ్లం. బయటికి కట్టేసినట్టు, లోపల బేరం జరుగుతున్నట్టు. కొనేవాళ్లు వంగి లోపలికి వచ్చేవాళ్లు, మూటతో వంగి బయటికి వెళ్లేవాళ్లు. ఈ మాల్సులో గాజు తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. మర్యాదకి వంగే అలవాటు ఎక్కడుంటుంది?

మనవడి గోల ఓవర్‌టైముతో తీరితే బాగుండేది. అసలు చిక్కు వేళలతో. ఏ రోజు ఎన్నింటికి రావాలో ఫోన్లో పడుతుంది. పోయినేడాది ఇదే వారం అమ్మకాలెంత, వానొస్తుందా, ఎండ కాస్తుందా, అన్నీ చూసుకుని ఏ గంటకి ఎందరు మనుషులు కావాలో కంప్యూటరు తేలుస్తుందట. ఓ వారం ముప్ఫై ఆరు గంటలు ఇస్తుంది, మరుసటి వారం పద్నాలుగు. రాత్రి పదకొండింటికి కొట్టు కట్టేసి ఇంటికొచ్చినవాణ్ణి పొద్దున ఆరింటికి తెరవడానికి రమ్మంటుంది. వాడు అన్నం తినేది ఎప్పుడో, చదివేది ఎప్పుడో, స్నానం చేసేది ఎప్పుడో మా అమ్మాయికే తెలియదు. ఇదేమిటని మేనేజర్ని అడిగితే 'సిస్టం అలా ఇచ్చింది' అంటాడు.

నాకు మింగుడుపడనిది అదీ. మా షావుకారు గారు కోపిష్టి. పిసినారి కూడా, ఆయన ఆత్మ శాంతించుగాక. కానీ ఆయనో మనిషి. 'అయ్యా, రేపు మా అమ్మాయి అన్నప్రాశన' అంటే ముందు తిట్టేవారు, తర్వాత పొమ్మనేవారు, ఆ తర్వాత పిలిచి పాపకి గౌను కుట్టించమని ఓ ముక్క చింపి ఇచ్చేవారు. ఆ వరస ఎప్పుడూ తప్పలేదు. తిట్టు పూర్తయ్యేదాకా తల వంచుకుని నిలబడటమే మా సెలవు చీటీ. సిస్టం తిట్టదు. తిట్టనిదాన్ని ఏమని బతిమాలతావు?

ఆరెగాన్ అని ఇంకో రాష్ట్రం ఉందట, పసిఫిక్ ఒడ్డున. అక్కడ 2017లో ఈ వేళల గోలకీ ఓ చట్టం చేశారు. ఐదు వందల మంది, ఆపైన పనివాళ్లున్న పెద్ద కొట్లవాళ్లు, హోటళ్లవాళ్లు ఎవరి వేళలు ఏమిటో రెండు వారాల ముందే చెప్పాలి. చెప్పాక మారిస్తే పరిహారం కట్టాలి. రెండు షిఫ్టుల మధ్య పది గంటల విశ్రాంతి ఇవ్వకుండా పిలిస్తే ఆ గంటలకి ఒకటిన్నర రెట్లు. సియాటిల్ నగరంలోనూ అలాంటిదే ఉంది. మావాడున్న టెక్సస్‌లో అలాంటిదేం లేదు. కనీస కూలి కూడా దేశం మొత్తానికి పెట్టినదే, గంటకి 7 డాలర్ల పాతిక సెంట్లు. 2009 నుంచి అది కదల్లేదు. అంతకి ఎవడూ రాడు కాబట్టి కొట్లవాళ్లు కాస్త ఎక్కువే ఇస్తారనుకో. అయినా మా షావుకారు గారే నయం, అన్నేళ్లు బిగబట్టుకుని ఆయన కూడా ఉండలేకపోయారు. దసరాకి దసరాకి ఐదో పదో విదిలించేవారు, విదిలించి మళ్లీ దసరాదాకా గుర్తు చేసేవారు.

వాడితోపాటు పని చేసే ఓ పెద్దావిడ సంగతి చెప్పాడు. ఆమెకి వారం వారం ఇరవై ఎనిమిది గంటలే పడతాయట. ఇరవై తొమ్మిది కూడా కష్టం. ఎందుకంటే వారానికి 30 గంటలు చేసేవాళ్లని పూర్తికాలపు మనుషులుగా లెక్కేసి పెద్ద కంపెనీలు ఆరోగ్య బీమా చూపించాలని అక్కడి చట్టం. నలభై దగ్గర ఒక గోడ, ముప్ఫై దగ్గర ఇంకో గోడ. కడుపు నిండక ఆవిడ ఇంకో కొట్లోనూ చేరింది. రెండు కొట్ల ఫోన్లూ ఒకే సాయంత్రానికి రమ్మంటాయి. మేమూ అన్ని గంటలూ చేశాం, అంతకన్నా ఎక్కువే చేశాం, కానీ చెప్పులు ఒకే గుమ్మం ముందు విడిచాం.

చెప్పులంటే గుర్తొచ్చింది. మా రోజుల్లో కొట్లో అందరూ కూర్చునేవాళ్లు. కొనేవాళ్లు పరుపు మీద, మేం పరుపు మీద, షావుకారు గారు గల్లాపెట్టె వెనక. చీర పరుపు మీద పరుచుకుంటూ వెళ్తే దాని అందమే వేరు. ఇప్పుడు ఏ ఊళ్లో ఏ షోరూముకైనా వెళ్లు, ఆడపిల్లలు పొద్దుట్నుంచి రాత్రిదాకా స్తంభాల పక్కన నిలబడే ఉంటారు. బేరం లేకపోయినా గోడకి ఆనుకోకూడదు, కెమెరా చూస్తుంది. కోళికోడ్‌లో కొట్లలో పని చేసే ఆడవాళ్లు ఇదేమి అన్యాయమని సంఘం కట్టి పోరాడితే, 2018లో కేరళ ప్రభుత్వం కూర్చునే హక్కుని చట్టంలోకి ఎక్కించింది. 2021లో తమిళనాడు కూడా చేసింది. ఆ చెన్నై బట్టల కొట్ల పిల్లల బతుకు మీద 2010లో ఓ తమిళ సినిమా వచ్చింది, మన దగ్గర 'షాపింగ్ మాల్' అని డబ్బింగ్ చేశారు, కథానాయికగా మన అంజలి వేసింది. చూడకపోతే చూడు, కళ్లు తెరుచుకుంటాయి. కూర్చోవడానికి చట్టం కావాలట! మాకు కూర్చోవడం హక్కు కాదు, ఉద్యోగమే అది. మోకాళ్లు మడిచి అన్నేళ్లు కూర్చున్నందుకు ఇప్పుడు డాక్టరు ఏమన్నాడో అడక్కు, అది వేరే సంగతి.

ఆషాఢం మాకు దేవుడిచ్చిన సెలవు. పెళ్లిళ్లు ఉండవు, కొత్త కోడళ్లు పుట్టిళ్లకి వెళ్తారు, కొట్లో ఈగలు. షావుకారు గారు మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తే మేం తానులకి ఆనుకుని తీసేవాళ్లం. పాత సరుకు దులుపుకుంటూ, శ్రావణానికి ఊపిరి దాచుకునేవాళ్లం. ఆ మాసం మీద కూడా ఎవడి కన్నో పడింది. ఆషాఢం డిస్కౌంటు, ఒకటి కొంటే రెండు ఉచితం, తెల్లారకముందే షట్టరు ముందు తోపులాట. పంచాంగం మాకిచ్చిన ఒక్క ఖాళీనీ అమ్మేశారు. అక్కడ అమెరికాలోనూ అంతేనట, నవంబరులో టర్కీ కోడి తినే పండగ మర్నాడు కొట్ల మీద పడతారు, ఆ వారం గుమాస్తాలకి సెలవు అడిగే వీల్లేదు. దరిద్రం చూశావా, సముద్రాలు దాటి మరీ కలిసింది.

ఇక మన చట్టాల మాటకొస్తే, 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. వారానికి మాత్రం 48 దాటితే ఓవర్‌టైము ఇవ్వాలి, అది మూడు నెలల్లో 144 గంటలు మించకూడదు. కొట్లకి ఇది వర్తించదు. పేపర్లో చదివి మా పాత గుమాస్తాలం పార్కులో తెగ నవ్వుకున్నాం. పది గంటలా? పది గంటలంటే మాకు సాయంత్రం టీ వేళ!

ఇదంతా మనవడికి గొప్పగా చెప్తుంటే మా ఆవిడ అందుకుంది. "మీ రోజులు, మీ రోజులు అంటారు, అప్పుడు మీరు పిల్లల్ని నిలువునా చూసిందెప్పుడు? వచ్చేసరికి పడుకునేవాళ్లు. చాప మీద తానుల్లా పరిచి ఉంటే పొడుగు చూసుకుని పొంగిపోయేవారు." ఆడవాళ్లకి వ్యాపారం తెలియదు. నేను విననట్టు ఊరుకున్నాను.

మనవడు ఊరుకోలేదు. "తాతయ్యా, మీ చట్టంలో రెట్టింపు అన్నారు కదా, మీకు రావాల్సిన ఓవర్‌టైమ్ ఎంతో చూద్దామా?" అన్నాడు. ఎన్నింటికి వెళ్లేవారు, ఎన్నింటికి వచ్చేవారు, జీతమెంత, ఏ ఏడు ఎంత పెరిగింది, అన్నీ అడిగాడు. చెప్పాను. గొప్పకి రోజుకో గంట కలిపే చెప్పాను. వారానికి ఆరు దాటినవన్నీ అసలు చేయించుకోనే కూడదు, అయినా లెక్కలో వేద్దాం అన్నాడు. వేశాడు. వడ్డీ కూడా వేస్తానన్నాడు. వద్దురా అంటే వినలేదు. ఫోను తిప్పి చూపించాడు. మా ఆవిడ కళ్లజోడు తెచ్చుకుని మరీ చూసింది. చూసి, "దానవాయిపేటలో ఇల్లు వచ్చేది" అంది.

ఇందుకే నాకీ ఫోన్లంటే పడదు. మా రోజుల్లో ఇలాంటి లెక్కలు కట్టే తీరిక ఎవరికుంది? కట్టలేదు కాబట్టే మా షావుకారు గారు నాకు దేవుడు. దేవుడి గూట్లో ఆయన ఫొటో కూడా ఉంది, రోజూ రెండు పూలు పెడతాను. ఇప్పుడు నేను పూలు పట్టుకుని అటు వెళ్తే చాలు, వంటింట్లోంచి మా ఆవిడ కేక వేస్తోంది: "బాకీ ఎప్పుడిస్తారో అడిగారా?"